ఖాళీ కాంటా

మా అబ్బా కల్వకుర్తి మార్కెట్ యార్డులో దడువాయి. ముప్పై ఏండ్లు రైతుల పంట తూకం వేసిండు. పల్లీల సీజన్ వచ్చిందంటే ఫజర్ నమాజు చదివి పోయినోడు ఇషా దాటితే గాని ఇంటికి రాకపోతుండె. అంగీ, టోపీ, కనుబొమ్మలు, అన్నిటి మీద ఎర్ర దుమ్ము.

అబ్బాకు ఒక ఆదత్ ఉండె. బస్తా ఎక్కియ్యకముందు ఖాళీ కాంటాను రైతుకు చూపిచ్చేటోడు. "చూడు పటేలా, ఇండ్ల ఏం లేదు గదా? ముల్లు నడుమనే ఉంది గదా?" అని అడిగేటోడు. రైతు "ఆ, ఉంది" అన్నంకనే బస్తా పెట్టిచ్చేటోడు. తర్వాత ఎలక్ట్రానిక్ కాంటాలు వచ్చినయి. అప్పుడు గూడ అదే తీరు. "సున్నా కనబడుతుందా?" అని అడగాల్సిందే. వెనుక లైన్ పెరుగుతుందని అడ్తిదార్లు విసుక్కునేటోళ్లు. "ఖాళీ కాంటా చూపియ్యకుంటే నేను చెప్పేది తూకం కాదు, వట్టి మాట" అనేటోడు అబ్బా.

ఈ ముచ్చట ఎందుకు చెప్తున్ననంటే, ఆ దడువాయి కొడుకును నేను మూడేండ్లు ఖాళీ కాంటా చూపియ్యకుండనే తూకం వేసిన. పల్లీలు కాదు, ట్రెడ్‌మిల్లులు.

2019ల డిగ్రీ అయినంక హైదరాబాద్‌ల ఇంట్లో వాడుకునే కసరత్తు మిషిన్లు అమ్మే ఒక షోరూంల చేరిన. పేరు రాయను. జీతం పన్నెండు వేలు, మీదికెల్లి మిషిన్‌కు ఇంత అని ఇన్సెంటివ్. మెహదీపట్నంల నలుగురం కలిసి ఒక కమ్రా కిరాయికి తీసుకున్నం. మొదటి వారం ట్రైనింగ్. మిషిన్ లోపల ఏముంటదో చెప్తరనుకున్న. వచ్చినోళ్లతోని ఎట్ల మాట్లాడాలెనో చెప్పిండ్రు. మా సీనియర్ ఒకాయన ట్రెడ్‌మిల్లుల ముంగట నిలువుటద్దాలు పెట్టిచ్చిండు. "వచ్చినోళ్లకు మిషిన్ చూపిస్తే రేటు అడుగుతరు. అద్దం చూపిస్తే పొట్ట చూసుకుంటరు" అనేటోడు.

2020 లాక్‌డౌన్‌ల జిమ్ములు బంద్, పార్కులు బంద్. ఫోన్ల మీద ఫోన్లు. స్టాక్ వచ్చుడు ఆలస్యం, పోవుడే. ఆ ఏడాది ఇంటికి డబ్బులు పంపిన, అమ్మీకి కండ్ల ఆపరేషన్ చేపిచ్చిన. అల్లా బర్కత్ ఇచ్చిండనుకున్న.

మాకు కల్వకుర్తిల ఒక ఖాలా ఉంది. అమ్మీకి పెద్దక్క. ఉర్దూ మీడియం ప్రైమరీ బడిల టీచర్‌గా పనిచేసి రిటైర్ అయింది. నాకు అలీఫ్, బే నేర్పింది ఆమెనే. ఖాలూ ఇంతఖాల్ అయినంక ఒక్కతే ఉంటది. షుగర్ వచ్చింది, మోకాళ్లు పట్టేస్తున్నయి. రోజూ అరగంట నడువుమని డాక్టర్ సాబ్ చెప్పిండు. దవాఖాన్ల చెప్పుడు ఆసాన్. మా గల్లీల నడుచుడు ముష్కిల్. మోరీలు, కుక్కలు, బండ్ల మీద పొరగాండ్లు. పైన ఇంకొకటి. మా ఊర్ల ఆడమనిషి బుర్ఖా వేసుకొని బయటికి వచ్చిందంటే ఎక్కడికో పోతున్నట్టే లెక్క. బజార్‌కో, దవాఖానకో, ఎవరింట్లనో మయ్యత్‌కో. ఊకె నడుస్తనంటే నమ్మరు. "క్యా హువా ఆపా? ఎటు పోతున్నరు?" అని గల్లీ మొత్తం అడుగుతది. నాలుగు రోజులు జవాబు చెప్పి ఖాలా ఐదో రోజు ఇంట్లనే కూసుంది.

కాబట్టి ఆమె ట్రెడ్‌మిల్ కొనుక్కుంటనన్నది షోకుకు కాదు. మన ఇండ్లల్ల శానమంది ఆడోళ్లకు ఆ మిషిన్ నడువనీకె దొరికే ఒకే ఒక రాస్తా. ఈ మాట నాకు అప్పుడు గూడ తెలుసు. అదే నన్ను ఇప్పటికీ తినేస్తది.

2021 ఫిబ్రవరిల అమ్మీని తోడు తీసుకొని షోరూంకు వచ్చింది. అప్పటికి ఖాలా వజన్ 96 కిలోలు. నేను చూపిచ్చిన మిషిన్ మీద 110 కిలోల దాకా అని రాసుంది. ఎమ్మార్పీ 75,000. "ఖాలా, నీకు 42,000కే ఇప్పిస్త" అన్న. ఆ డబ్బా మీది రేటుకు ఆ మిషిన్‌ను ఎవరికీ అమ్మంగ నేను చూడలే. ఆ రేటు రాసిందే కొట్టేయనీకె.

ఆమె మిషిన్ మీద చెయ్యి పెట్టి అడిగింది, "బేటా, ఇది నా వజన్ మోస్తదా?"

"నాలుగు హెచ్‌పీ ఖాలా. ఎడ్లబండిని గూడ గుంజుతది" అన్న.

ఆమె నవ్వింది. సంచిల్కెల్లి కవర్ తీసి లెక్కబెట్టి ఇచ్చింది. రిటైర్‌మెంట్ పైసలు. నాకు ఇన్సెంటివ్ 1,200 వచ్చింది. ఆ నెల కొత్త బూట్లు కొనుక్కున్న.

ఆ ఏడు బక్రీద్‌కు ఊరికి పోయిన. ఖుర్బానీ హిస్సాలు పంచేటప్పుడు ఖాలా ఇంటికి పోతే ట్రెడ్‌మిల్ వసారల ఉంది. మీద చాదర్ కప్పి ఉంది. చాదర్ మీద గోష్ట్ కవర్లు, స్టీలు గిన్నెలు.

"ఏమైంది ఖాలా?"

"ఏం లే బేటా. నాలుగు నెలలు మంచిగనే నడిచింది. తర్వాత కాలు పెట్టంగనే ఝట్కా ఇచ్చి ఆగుడు మొదలైంది. ఇప్పుడు అసలుకే చాలూ అయితలేదు. గల్తీ నాదే. నా వజన్ ఎక్కువ గదా, మిషిన్ ఏం జేస్తది పాపం."

"నాకెందుకు చెప్పలే?"

"నీ నౌకరీకి ఏమన్న అయితదేమోనని."

ఫ్రిజ్ ఖరాబ్ అయితే ఎవ్వరు గూడ "నేనే ఎక్కువ కూరలు పెట్టిన" అని సిగ్గుపడరు. కంపెనీని తిడుతరు, మెకానిక్‌ను పిలుస్తరు. ఈ కసరత్తు మిషిన్ల తిజారత్‌ల అట్ల కాదు. మిషిన్ ఆగితే మనిషి తన ఒళ్లును చూసుకొని షర్మిందా అయితడు. నా వజన్ ఎక్కువ, నాకు సబర్ లేదు, నేను సరిగ వాడలే అని ఊకుంటడు. అమ్మినోనికి ఇంతకన్న ఏం కావాలె? ఫిర్యాదు రాదు, వాపస్ అడగరు. వసారల చాదర్ కప్పి పెడ్తరు.

ఆ సాయంత్రం అబ్బా, మామూ వచ్చిండ్రు. మామూకు కల్వకుర్తిల మోటర్ వైండింగ్ షాపు ఉంది. ముప్పై ఏండ్ల సంది కాలిపోయిన బోరు మోటర్లు విప్పి రాగి తీగ చుడుతున్నడు. చుట్టుముట్టు ఊర్ల రైతులు ఎండకాలం ఆయన షాపు ముంగట మోటర్లు పెట్టుకొని పడుకుంటరు. మామూ చాదర్ తీసి ముందు మిషిన్ జూడలే. ప్లగ్గు చేతిల పట్టుకొని చూసిండు.

"ఎంత హెచ్‌పీ అన్నవ్?"

"నాలుగు."

"ఐదు హెచ్‌పీ బోరు మోటర్‌కు మనకాడ త్రీ ఫేజు లైను కావాలె, స్టార్టర్ డబ్బా కావాలె. నీ నాలుగు హెచ్‌పీ ఫోన్ చార్జింగ్ పెట్టే బోర్డుల నడుస్తదా?"

నవ్విండు. మళ్ల కాగితం తీసుకొని హిసాబ్ చేసిండు. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. నాలుగు హెచ్‌పీ అంటే 2,984 వాట్లు. ఆ మిషిన్‌కు వచ్చిన చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. ఇంట్ల కరెంటు 230 వోల్టులు. 230ని 6తోని గుణిస్తే 1,380 వాట్లు. అంటే ఆ బోర్డుల్కెల్లి గుంజగలిగింది మొత్తం మోటర్‌కే ఇచ్చినా రెండు హెచ్‌పీ గూడ కాదు.

"మరి నాలుగు ఎక్కడిది?" అని అబ్బా అడిగిండు.

చెప్పిన. డబ్బా మీద 4 హెచ్‌పీ అని పెద్దగ రాసి, పక్కన సన్నగ 'పీక్' అని రాసుంటది. పీక్ అంటే మోటర్ ఒక్క క్షణం ఎంతవరకు ఎగరగలదో అది. గంటసేపు ఆగకుండ ఎంత ఇస్తదో దాన్ని కంటిన్యువస్ అంటరు. మనిషి నడిచేది కంటిన్యువస్ మీద. ఖాలా మిషిన్‌ది కంటిన్యువస్ ఎంతో డబ్బా మీద లేకుండె. నేను గూడ అడగలే. పీక్ అనే మాటను మేము నోట్లనే మింగుదుము.

"అంటే అబద్ధం చెప్పలే నువ్వు" అన్నడు అబ్బా.

"లే అబ్బా. నాలుగు అనేది రాసే ఉంది."

"ఖాళీ కాంటా చూపిచ్చినవా?"

నా కాడ జవాబ్ లేకుండె.

మామూ స్క్రూలు విప్పి మూత తీసిండు. లోపల మోటర్‌ను నడిపే బోర్డు నల్లగ మాడి ఉంది. బెల్ట్ కిందికి చెయ్యి పెట్టి రుద్దిండు. ఎండిపోయి గరగర అంటుంది. "నూనె ఎప్పుడు వేసిండ్రు?" అన్నడు. ఖాలా లోపలికి పోయి అల్మరల్కెల్లి ఒక చిన్న సీసా తెచ్చింది. సీలు గూడ విప్పలే. మిషిన్‌తోని వచ్చిన సిలికాన్ నూనె అది. దాని కాగితం మొత్తం ఇంగ్లిష్‌ల ఉంది. ఖాలాకు ఉర్దూ వస్తది, తెలుగు వస్తది. ఆ సీసా ఏందో నేను చెప్పలే. బెల్టుకు, కింది పలకకు నడుమ ఆ నూనె అప్పుడప్పుడు వెయ్యకుంటే రాపిడి పెరుగుతది. రాపిడి పెరిగితే మోటర్ ఎక్కువ కరెంటు గుంజుతది. గుంజీ గుంజీ బోర్డు మాడుతది. ఇండ్లల్ల ట్రెడ్‌మిల్లులు ఆగిపోయేదానికి ఇది శాన మామూలు కారణం. చెప్పనీకె ఒక్క నిమిషం పడ్తది. ఆ నిమిషంల నేను ఎమ్మార్పీ గురించి చెప్పిన.

వజన్ సంగతి గూడ అసుంటిదే. 110 కిలోలు అంటే ఆ మిషిన్ తట్టుకునే ఆఖరి హద్దు. రోజూ హాయిగ మోసే బరువు కాదు. మనిషి అడుగు వేసినప్పుడు పలక మీద పడే దెబ్బ నిలబడ్డప్పటి వజన్ కన్న ఎక్కువ ఉంటది. "రాసిన దాంట్లకెల్లి ఇరవై కిలోలు తీసెయ్యాలె" అని మా సీనియర్ మాకు చెప్పేటోడు. కస్టమర్‌కు చెప్పకపోతుండె. యార్డుల తరుగు తీసుడు తెలుసు గదా? రైతు కాడ తరుగు తీస్తే అందరు లొల్లి చేస్తరు. మేము తీసే తరుగు మా లోపల్నే ఉంచుకున్నం.

వారంటీ మూడేండ్లు అని చెప్పిన. కార్డు చదివితే ఆ మూడేండ్లు మోటర్‌కు. మోటర్ కాలుడు అరుదు, మాడేది బోర్డు, అరిగేది బెల్ట్. వాటికి ఒక్క ఏడాది. ఆ ఏడాదిల గూడ మెకానిక్ వచ్చి చూసే సౌలత్ సిటీల ఉన్నోళ్లకే. కల్వకుర్తికి రావాలంటే రానుపోను ఖర్చు ఖాలా పెట్టుకోవాలె. లేదంటే మిషినే హైదరాబాద్ పోవాలె.

కేలరీల సంగతి గూడ చెప్పాలె. తెర మీద 300 అని కనబడుతది, మనసు ఖుష్ అయితది. మీ వజన్ అడగని మిషిన్ మీ కేలరీలు ఎట్ల లెక్కబెడ్తది? చౌక మిషిన్లల్ల అందరికి ఒకటే అందాజా. 70 కిలోల మనిషి అరగంట మామూలుగ నడిస్తే ఖర్చయ్యేది నూరు, నూట ఇరవై కేలరీల దగ్గర. పెద్ద సమోసా ఒకటి తింటే దానికి రెండింతలు లోపలికి వస్తది. తెరను నమ్మి ఒక సమోసా ఎక్కువ తిన్నోళ్లు నాకు శానమంది తెలుసు.

ఇది మా షోరూం కథనే కాదు. అమెరికాల నాటిలస్ అనే పెద్ద కంపెనీ మీద ట్రెడ్‌మిల్ కొన్నోళ్లు కేసు వేసిండ్రు. ఇంటి ప్లగ్గుల్కెల్లి వచ్చే కరెంటుతోని మీరు రాసిన హెచ్‌పీ రానే రాదు అని. మా మామూ ప్లగ్గు పట్టుకొని చేసిన హిసాబే అది. 2022ల ఆ కంపెనీ 42.5 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. అంతకుముందు 2012ల 'అబ్ సర్కిల్ ప్రో' అనే పొట్ట తగ్గిచ్చే మిషిన్ సంగతి వచ్చింది. రోజుకు మూడు నిమిషాలు చేస్తే రెండు వారాలల్ల పది పౌండ్లు తగ్గుతరని దాని ఇష్తెహార్. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంటే, కొన్నోళ్లకు రెండున్నర కోట్ల డాలర్ల దాకా వాపస్ ఇస్తమని ఒప్పుకున్నరు. 2011ల రీబాక్ కంపెనీ గూడ, వేసుకొని నడిస్తే చాలు కండలు గట్టిపడతయని బూట్లు అమ్మి, రెండున్నర కోట్ల డాలర్లు కట్టింది. అమెరికా అయినా కల్వకుర్తి అయినా ఒళ్లు గురించి భయమున్న మనిషి తొందరగ నమ్ముతడు.

ఆ రాత్రి అబ్బా నన్ను తిట్టలే. మనందరికి తెలిసిన వాఖియానే ఒకటి యాద్ చేసిండు. రసూలుల్లా సల్లల్లాహు అలైహి వసల్లం బజార్‌ల పోతుంటే ధాన్యం కుప్ప కనబడింది. లోపలికి చెయ్యి పెడితే వేళ్లకు తడి తగిలింది. ఏందని అడిగితే వాన పడ్డదని చెప్పిండు అమ్మేటోడు. తడి ధాన్యం జనానికి కనబడేటట్టు పైన ఎందుకు పెట్టలేదని అడిగిండ్రు. ధోఖా చేసేటోడు మనోడు కాదన్నరు. సహీ ముస్లింల ఉన్న హదీస్ ఇది. చిన్నప్పటి సంది విన్నదే. కాని ఆ రాత్రి అబ్బా ఒక మాట పట్టుకున్నడు. "ఆ వాన వాడు కురిపిచ్చిండా? లే గదా. తడి వాని గుణా కాదు. తడిని కింద పెట్టుడు వాని గుణా." మోటర్ నేను చేయలే. పీక్‌ను సన్నగ రాసింది నేను కాదు. కాని తడిని కింద పెట్టింది నేను.

మన ఫిఖ్‌లో ఖియారె ఐబ్ అని ఉంది. సరుకుల కొనేటప్పుడు తెలియని లోపం తర్వాత బయటపడితే, కొన్నోనికి వాపస్ చేసే హఖ్ ఉంటది. అమ్మేటోడు ఐబ్ ఉంటే ముందే చెప్పాలె. సూరా ముతఫ్ఫిఫీన్ కొలతల్ల తగ్గిచ్చేటోళ్ల గురించే మొదలైతది. తీసుకునేటప్పుడు నిండుగ, ఇచ్చేటప్పుడు తక్కువ కొలిచేటోళ్ల సంగతి అది. కిలోల లెక్కనే కొలత అనుకుంటిమి. హెచ్‌పీ గూడ కొలతనే, వారంటీ గూడ కొలతనే.

దేశం కానూన్ చెప్పేది గూడ దగ్గర దగ్గర ఇదే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్ల ఉంది. సరుకు నాణ్యత, పరిమాణం, శక్తి, ధర గురించి తెలుసుకునుడు కొన్నోని హఖ్ అని అందుల రాసుంది. తప్పుదోవ పట్టిచ్చే ఇష్తెహార్‌కు కేంద్ర ప్రాధికార సంస్థ పది లక్షల దాకా, మళ్ల చేస్తే యాభై లక్షల దాకా జుర్మానా వెయ్యొచ్చు. 2022 జూన్‌ల వచ్చిన మార్గదర్శకాలు ఇంకొకటి చెప్పినయి. షరతులు సాఫ్‌గ కనబడాలె, ఇష్తెహార్ ఏ భాషల ఉంటే షరతులు గూడ ఆ భాషల ఉండాలె, ముఖ్యమైన సంగతిని దాచనీకె షరతును వాడొద్దు. ఆ సన్న 'పీక్' యాదికొచ్చింది నాకు.

తెల్లారి ఖాలా దగ్గరికి పోయి అన్నీ చెప్పిన. హెచ్‌పీ, నూనె, వారంటీ, 75,000, నా 1,200. "నీ వజన్ గల్తీ లేదు ఖాలా. నాది గల్తీ" అన్న. ఆమె శానసేపు ఏం మాట్లాడలే. తస్బీ తిప్పుకుంట కూసుంది. ఆఖరికి ఒకటే అడిగింది. "నేను ఎవరో తెలియని ముసల్దాన్ని అయితే గూడ ఇట్లనే అమ్ముతుంటివా?"

"ఆ" అన్న.

"అయితే వాళ్లకు గూడ చెప్పు" అన్నది.

ఇద్దరం కూసొని నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేసినం. ఇప్పుడు దాని నంబర్ 1915. తెలుగుల గూడ మాట్లాడొచ్చు. బిల్లు, వారంటీ కార్డు, డబ్బా మీది ఫోటో, మాడిన బోర్డు ఫోటో పెట్టినం. ఏం రాయాలెనో నాకు మంచిగనే తెలుసు గదా, అమ్మింది నేనే. వాళ్లు కంపెనీకి పంపిచ్చిండ్రు. మొదలు కంపెనీ నూనె వెయ్యలేదని కస్టమర్ మీదికి తోసింది. నూనె సంగతి తెలుగులనో ఉర్దూలనో ఎక్కడ చెప్పిండ్రో చూపియ్యిమని రాసినం. రెండు నెలలు ఆడిచ్చి మిషిన్ వాపస్ తీసుకొని 30,000 ఇచ్చిండ్రు. జిల్లా కమిషన్‌కు పోదామన్న. ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, వకీల్ గూడ జరూర్ కాదు, కొన్నోళ్లు తాముండే జిల్లాలనే రెండేండ్ల లోపల వెయ్యొచ్చు. ఖాలా నక్కో అన్నది. మిగిలిన 12,000 నేను నెలనెలా కట్టిన. మొదటి కిస్తు తీసుకోనన్నది. అబ్బా చెప్పినంక తీసుకుంది.

నౌకరీ ఉన్నపాటున ఇడువలే. ఇడిస్తే ఇల్లు ఎట్ల నడవాలె? ఇంకొక ఏడాది దాకా అక్కడ్నే ఉన్న. కాని పీక్ అనే మాట గట్టిగ చెప్పుడు మొదలుపెట్టిన. నూనె సీసా విప్పి చూపిస్తుంటి. 96 కిలోల మనిషి వస్తే ఇది మీకు సరిపోదు అంటుంటి. కొందరు కొనకుండ పోయిండ్రు. కొందరు ఇంకా మంచి మిషిన్ కొన్నరు, వాళ్ల చుట్టాలను గూడ తోలిచ్చిండ్రు. నా ఇన్సెంటివ్ సగమైంది. ఒకరోజు మేనేజర్ పిలిచి "నువ్వు మన దిక్కా, కస్టమర్ దిక్కా?" అని అడిగిండు. 2022 ఆఖర్ల ఊరికి వచ్చేసిన. ఇప్పుడు మామూ షాపుల తీగ చుడుతున్న.

ఈ షాపుల నాకొక సంగతి సమజైంది. చదువు రాని రైతు గూడ మోటర్ తెచ్చినప్పుడు ఎన్ని సవాళ్లు అడుగుతడో! రాగి తీగనా, అల్యూమినియమా? ఎన్ని ఆంపియర్లు గుంజుతది? ఎన్ని ఫీట్ల లోతుల్కెల్లి ఎంత నీళ్లు పోస్తది? వాని కండ్లు గప్పుడు ఆసాన్ కాదు. అదే రైతు బిడ్డ కోసం ట్రెడ్‌మిల్ కొననీకె పోతే నోరు తెరవడు. తెలివి లేక కాదు. అది పెద్దోళ్ల సరుకని, అడిగితే నవ్వుతరని. బోరు మోటర్ కాడ అడిగే సవాలే అక్కడ గూడ అడగాలె.

కాబట్టి కొనాలె అనుకునేటోళ్లు ఇవి అడగండి. కంటిన్యువస్ హెచ్‌పీ ఎంత, అది కాగితం మీద రాసి ఇస్తరా? ప్లగ్గు ఎన్ని ఆంపియర్లది, మా ఇంట్ల ఎర్తింగ్ ఉందా? ఇంట్ల అందరికంటె బరువున్న మనిషి వజన్ ఎంత, రాసిన హద్దు దానికన్న మస్తుగ మీద ఉందా? బోర్డుకు, బెల్టుకు వారంటీ ఎన్నేండ్లు? మెకానిక్ మా ఊరికి వస్తడా, ఖర్చు ఎవరిది? నూనె ఎన్ని రోజులకు ఒకపారి వెయ్యాలె, వేసి చూపిస్తరా? ఎమ్మార్పీ ఎంత అని అడగకండి, వేరే దుకాణంల ఎంతకు ఇస్తున్నరో చూడండి. షోరూంల రెండు నిమిషాలు కాదు, పదిహేను నిమిషాలు నడిచి చూడండి. అమ్మేటోడు విసుక్కుంటే బయటికి రాండ్రి.

ఇంకొకటి. మిషిన్ లేకున్న నడువొచ్చు. పెద్దోళ్లకు వారానికి నూట యాభై నిమిషాల నడకసుంటి కసరత్తు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. ఎక్కడ నడవాలె అనేది చెప్పలే. ఖాలా ఇప్పుడు ఫజర్ అయినంక మిద్దె మీద నడుస్తది. పక్కింటి ఇద్దరు ఆపాలు గూడ వస్తరు. ఒక చుట్టు తిరిగితే తస్బీల ఒక గింజ. ముప్పై మూడు గింజలు అయినంక కిందికి దిగుతరు. మోకాళ్ల నొప్పి పూర్తిగ పోలే. షుగర్ కొంచెం దారికొచ్చింది.

కాని ఖాలా చెప్పిన మాట ఇంకా పూర్తి కాలే. "వాళ్లకు గూడ చెప్పు" అన్నది గదా. అల్లా హఖ్‌ల గల్తీ చేస్తే తౌబా చేసుకోవచ్చు. బందాల హఖ్ వేరే. ఆ బందా మాఫ్ చేస్తేనే మాఫ్. మూడేండ్లల్ల ఎన్ని మిషిన్లు అమ్మిన్నో హిసాబ్ లేదు. నా ఫోన్ల ఉన్న నంబర్లకు ఒక్కొక్కరికి చేస్తున్న. కొందరు "ఎవరు బాబూ నువ్వు?" అన్నరు. ఒక పెద్దమనిషి తిట్టిండు. ఒక ఆమె "పోనీలే బేటా, దాని మీద బట్టలు ఆరేసుకుంటున్న" అన్నది. నంబర్ లేనోళ్లే ఎక్కువమంది.

అందుకే ఇక్కడ రాస్తున్న. మీల ఎవరన్న 2019కి 2022కి నడుమ హైదరాబాద్‌ల ఒక షోరూంల, బక్కపల్చని పొరగాడు, గడ్డం సన్నగ ఉన్నోడు, "నాలుగు హెచ్‌పీ" అని గట్టిగ చెప్పి మిగిలింది మింగినోడు అమ్మిన ట్రెడ్‌మిల్ కొని ఉంటే, వాణ్ని నేనే. మాఫ్ చేయండి. మిషిన్ ఆగిపోతే గల్తీ మీ ఒంటిది కాదు. ఇంకా నడుస్తుంటే, డబ్బాల ఒక చిన్న సీసా ఉంటది, వెతకండి. ప్లగ్గు తీసేసి బెల్ట్ ఎత్తి నడుమల కొంచెం నూనె వేయండి. ఎట్ల వెయ్యాలెనో తెలియకపోతే కల్వకుర్తికి వచ్చినప్పుడు వైండింగ్ షాపుల అడగండి. పైసలు తీసుకోను.